కట్టుబడి సైట్‌లో వాన నీళ్లకు మట్టి కొట్టుకుపోకుండా ఎలా చూసుకోవాలి?

ఒక్క రాత్రి గట్టి వాన పడితే చాలు. పొద్దున్నే సైట్‌కి వచ్చి చూస్తే పునాది గుంతలో మోకాలి లోతు బురద నీళ్లు, నిన్న సాయంత్రం నున్నగా చెక్కి వదిలిన అంచు లోపలికి జారిపోయి ఉంటుంది, గేటు ముందు రోడ్డంతా జారుడు బురద, కాలువ మూతి దగ్గర మట్టి మేట. అప్పుడు మొదలవుతుంది టెన్షన్, అందరూ మోటారు కోసం పరుగులు పెడతారు. నీళ్లు చేరాక చేసే పనికంటే చేరకముందు చేసే పని చాలా తేలిక, పైగా దానికొక వరస ఉంది. బయటి నీళ్లను లోపలికి రానివ్వకూడదు, ఖాళీగా ఉన్న మట్టిని కప్పాలి, పారే నీళ్ల వేగం తగ్గించాలి, ఈ మూడూ అయ్యాక ఇంకా మిగిలిన బురదను హద్దు దగ్గర ఆపాలి. చాలాచోట్ల నాలుగోది ఒక్కటే చేసి, చుట్టూ గుడ్డ కట్టేశాం కదా అని ఊరుకుంటారు. అది ఎందుకు చాలదో ముందు చెబుతాను.

మట్టి ఎలా కదులుతుంది

పెద్ద వాన చినుకు నేలను తాకేటప్పుడు దాని వేగం సెకనుకు దాదాపు 9 మీటర్లు. వాన వెలిశాక ఖాళీ నేల పక్కన సున్నం వేసిన గోడ ఏదైనా ఉంటే దాని అడుగు భాగం చూడండి, మోకాలి ఎత్తు వరకు సన్నటి మట్టి చుక్కలు కనిపిస్తాయి. అవి పారే నీళ్లు తెచ్చినవి కావు, చినుకు కొట్టిన దెబ్బకు ఎగిరిపడినవి. అలా విడిపోయిన మెత్తటి రేణువులు నేలలోని సన్న సందులను మూసేస్తాయి, పైన పొరలా గట్టిపడుతుంది, ఇక నీళ్లు ఇంకవు. ఇంకని నీళ్లు పారతాయి. మొదట పల్చగా పరుచుకుని, తర్వాత వేలంత గాడులు చేసుకుని, ఆ గాడులు కలిసి చివరికి మనిషి కాలు దిగబడేంత గండి పడుతుంది. నీళ్ల వేగం రెట్టింపైతే వాటి శక్తి నాలుగింతలవుతుంది, అందుకే వాలు కింది భాగంలోనే కోత ఎక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. కదలని నీళ్లలో 0.1 మిల్లీమీటర్ల ఇసుక రేణువు ఒక మీటరు కిందికి దిగడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. 0.01 మిల్లీమీటర్ల ఒండ్రు రేణువుకు మూడు గంటలు కావాలి. 0.001 మిల్లీమీటర్ల బంకమట్టి రేణువుకైతే దాదాపు 13 రోజులు! అంటే బంకమట్టి ఒకసారి నీళ్లలో కలిసిందంటే చివర్లో ఎంత గుంత తవ్వినా, ఎంత గుడ్డ కట్టినా అది దాటిపోతుంది. దాన్ని నేల మీద ఉండగానే పట్టుకోవాలి. వరస ముఖ్యం అన్నది ఇందుకే.

ముందుగా సైట్ చుట్టూ నడవండి

వీలైతే వాన పడుతుండగానే నడవండి, గొడుగు పట్టుకుని ఒక అరగంట చాలు. నీళ్లు ఎటునుంచి లోపలికి వస్తున్నాయి, ఎక్కడ గుమిగూడుతున్నాయి, ఎక్కడినుంచి బయటికి పోతున్నాయి అని ఒక కాగితం మీద బాణాలు గీసుకోండి. వానలు లేని రోజుల్లో అయితే మేస్త్రీ దగ్గరుండే నీళ్ల ట్యూబ్‌తో మట్టం చూసుకోవచ్చు. కంటితో చూసి ఇటు పల్లం అనుకున్నది చాలాసార్లు తప్పవుతుంది.

లెక్క కూడా సులువే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 2,000 చదరపు మీటర్ల స్థలంలో 40 మిల్లీమీటర్ల వాన కురిస్తే 80,000 లీటర్లు. బండ్లు తిరిగి గట్టిపడిన నేల అయితే అందులో సగం పారుతుందనుకున్నా 40,000 లీటర్లు, అంతా కలిసి సైట్‌లో అన్నిటికంటే పల్లంగా ఉన్న మూలకే వస్తుంది. ఆ మూల ఎక్కడో మీకు ముందే తెలియాలి.

ఇంకొక చిన్న పరీక్ష. పారదర్శకంగా ఉండే సీసాలో మూడో వంతు సైట్ మట్టి వేసి, నీళ్లు పోసి, బాగా గిలక్కొట్టి గట్టు మీద పెట్టండి. రెండు నిమిషాలకు అడుగున చేరింది ఇసుక. సాయంత్రానికి దాని మీద పేరుకున్నది ఒండ్రు. మర్నాటికీ పైనీళ్లు టీ రంగులోనే ఉన్నాయంటే మీది బంకమట్టి ఎక్కువున్న నేల, కాబట్టి కప్పే పని మీద రెట్టింపు శ్రద్ధ పెట్టాలి.

పైనుంచి వచ్చే నీళ్లను పక్కకు తిప్పండి

ఎగువన ఉన్న స్థలాల నుంచి వచ్చే నీళ్లు మీ సైట్‌లోకి వచ్చేటప్పుడు శుభ్రంగానే ఉంటాయి, మీ మట్టి మీదుగా పారాకే బురదవుతాయి. తవ్వకం మొదలుపెట్టకముందే పైవైపు హద్దు పొడవునా ఒక కాలువ తీసి, తీసిన మట్టితో కాలువకు దిగువవైపు గట్టు వేయండి. గట్టు అర మీటరు ఎత్తు ఉంటే మామూలు సైట్‌కు సరిపోతుంది, కానీ వదులుగా పోసి వదిలేస్తే మొదటి వానకే తెగుతుంది, పొరలు పొరలుగా తొక్కించాలి. కాలువ వాలు 100 మీటర్లకు ఒక మీటరు దిగేలా ఉంటే చాలు, ఎక్కువైతే కాలువే కోసుకుపోతుంది. చివర నీళ్లు పడే చోట రాళ్లు పరవండి. ఆ చివర పక్కవాళ్ల స్థలంలోకి తిరిగి ఉండకూడదు, మన బాధ తీసుకెళ్లి వాళ్ల గుమ్మంలో పెట్టడం న్యాయం కాదు.

ఖాళీ మట్టిని కప్పండి

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యం చేసేదీ ఇదే. జేసీబీ వచ్చింది కదా, మళ్లీ పిలవడం ఎందుకని ఒకేసారి స్థలమంతా గీకించేస్తారు. ఆరు నెలల తర్వాత కట్టబోయే భాగంలో కూడా గడ్డి పీకేస్తే ఆ ఆరు నెలలూ అక్కడ మట్టి పోతూనే ఉంటుంది. పని మొదలయ్యే భాగమే చదును చేయండి. దిగువ హద్దు వెంబడి కొన్ని మీటర్ల వెడల్పున ఉన్న గడ్డీ పొదలూ అలాగే వదిలేయండి, కొనకుండా దొరికే వడపోత అది.

ఎక్కడైనా రెండు వారాల పాటు పని ఉండదని తెలిస్తే అక్కడ ఎండుగడ్డి పరిపించండి. చదరపు మీటరుకు అర కిలో లెక్కన, కింద నేల కనీ కనిపించనట్టు ఉండాలి. గాలికి ఎగరకుండా పార అంచుతో అక్కడక్కడా మట్టిలోకి నొక్కించండి. దాని కింద త్వరగా మొలిచే గడ్డి గింజలు చల్లితే ఇంకా మంచిది, గడ్డి పరుపు కుళ్లిపోయేలోపు వేళ్లు మట్టిని పట్టేస్తాయి.

నిటారుగా ఉన్న వాలు మీద జనపనార చాపో కొబ్బరి పీచు చాపో కావాలి. దీన్ని పరవడంలోనే అంతా ఉంది. పై అంచును వాలు తలమీద జానెడు లోతు గాడిలో పూడ్చాలి, చాపను నీళ్లు పారే దిశలో కిందికి విప్పాలి, రెండు చాపలు కలిసే చోట పైది కిందిదాని మీదికి రావాలి, ఇంటి మీద పెంకులు పరిచినట్టు. అన్నిటికీ మించి చాప నేలను అంటిపెట్టుకుని ఉండాలి. మట్టిగడ్డల మీద గుడారంలా లేచి నిలబడితే నీళ్లు దాని కిందినుంచి పారతాయి, పైనుంచి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది.

బుల్‌డోజర్ ఉన్న సైట్ అయితే దాన్ని వాలు మీద అడ్డంగా కాకుండా కిందికీ పైకీ నడిపించండి. అప్పుడు చైన్ పట్టీల ముద్రలు వాలుకు అడ్డంగా మెట్లలా పడతాయి, ఒక్కో ముద్రా గుప్పెడు నీళ్లను ఆపుతుంది. అడ్డంగా నడిపిస్తే అవే ముద్రలు నిలువు కాలువలవుతాయి. ఒకటే యంత్రం, నడిపే దిశలోనే తేడా.

కాలువలో నీళ్లను నెమ్మదింపజేయండి

వాలుగా ఉన్న కాలువలో రాళ్లతో చిన్న చిన్న అడ్డుకట్టలు వేయాలి. రెండు నియమాలు గుర్తుంచుకోండి. కట్ట మధ్య భాగం రెండు కొసలకంటే కనీసం 15 సెంటీమీటర్లు తక్కువ ఎత్తులో ఉండాలి, లేకపోతే నీళ్లు పక్కలను కోసుకుని కట్టను దాటుకుపోతాయి. కింది కట్ట తల, పై కట్ట పాదం ఒకే మట్టంలో ఉండాలి, అప్పుడే రెంటి మధ్యా నీళ్లు నిలబడి మట్టి దిగుతుంది.

హద్దు దగ్గర సిల్ట్ ఫెన్స్ (బురదను ఆపే గుడ్డ కంచె)

నేను పనిచేసిన ఒక సైట్‌లో దిగువ హద్దంతా కొత్త గుడ్డతో, చక్కటి వరసలో గుంజలు పాతి కంచె కట్టారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ గుడ్డ అడుగు అంచును నేలలో పూడ్చలేదు, దాని మీద పారతో కొంత మట్టి ఎగదోసి వదిలేశారు. వాన మొదలైన కాసేపటికి గుడ్డకు ఇవతల నీళ్లు చీలమండ లోతు నిలిచాయి, ఒకచోట చిన్న సుడి తిరిగింది, చూస్తుండగానే అడుగున అరచేయంత కంత పడింది, నిలిచిన నీళ్లన్నీ ఆ కంతలోంచి ఒక్కసారిగా దూకాయి. పొద్దున చూస్తే గుడ్డ మీద ఒక మరక కూడా లేదు, కింద మాత్రం గండి. కంచె లేకపోతే పల్చగా పరుచుకుని పోయే నీళ్లను మేమే ఒకచోట పోగేసి వదిలినట్టయింది. ఆ రోజు నుంచి ఏ సైట్‌కి వెళ్లినా ముందు వంగి కంచె అడుగే చూస్తాను.

కాబట్టి ఇలా చేయండి. 15 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల లోతు గాడి తవ్వి, గుడ్డను అందులోకి దించి, మట్టి వేసి కాళ్లతో గట్టిగా తొక్కాలి. గుంజలు దిగువవైపు ఉండాలి, రెండు మీటర్లకు ఒకటి. కంచె ఒకే మట్టం వెంబడి సాగాలి, రెండు కొసలూ ఎగువకు వంచాలి, లేదంటే నీళ్లు దాని వెంటే పారి కొస దగ్గర బయటపడతాయి. 30 మీటర్ల కంచె మీదికి 1,000 చదరపు మీటర్లకు మించి నీళ్లు రానివ్వకండి. పారే కాలువకు అడ్డంగా దీన్ని ఎప్పుడూ కట్టకండి, అది రాళ్ల కట్ట చేసే పని. మట్టి మూడో వంతు ఎత్తుకు చేరగానే తీసేయించండి.

పెద్ద సైట్‌లకు మట్టి దిగే చెరువు కావాలి. అమెరికాలో వాడే ఒక లెక్క ప్రకారం ఎకరాకు 3,600 ఘనపుటడుగులు, అంటే 100 ఘనపు మీటర్లకు కాస్త పైన. పొడవు వెడల్పుకు కనీసం రెట్టింపు ఉండాలి, నీళ్లు వచ్చే మూతీ పోయే మూతీ ఎదురెదురు కొసల్లో ఉండాలి. చుట్టూ కంచె తప్పనిసరి. పనివాళ్ల పిల్లలు సైట్‌లో తిరుగుతుంటారు, అడుగున మెత్తటి బురదున్న గుంత ఎంత లోతో పైకి తెలియదు.

గేటు, కుప్పలు, గుంతలు

గేటు దగ్గర లారీ టైర్ల బురద రాలిపోవడానికి 15 మీటర్ల పొడవున పెద్ద కంకర పరవాలి, 50 నుంచి 75 మిల్లీమీటర్ల సైజు, 15 సెంటీమీటర్ల మందం. కింద జియో టెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను దించి మట్టిని ఆపే గట్టి గుడ్డ) వేయకపోతే కంకర నెలలోపే మట్టిలోకి దిగిపోతుంది. రోడ్డు మీద పడ్డ బురదను ఊడ్చి ఎత్తించండి, నీళ్లు కొట్టి కాలువలోకి తోయించకండి.

ఇసుక, మట్టి కుప్పలను కాలువలకు దూరంగా పోయించి, సాయంత్రం టార్పాలిన్ కప్పి అంచుల మీద బరువులు పెట్టండి. దగ్గర్లోని కాలువ మూతుల చుట్టూ కంకర నింపిన బస్తాలు పేర్చండి. పూర్తిగా మూసేయకండి, పెద్ద వానకు నీళ్లు పొర్లి లోపలికి పోయే దారి ఉండాలి, లేకపోతే రోడ్డు మునుగుతుంది.

గుంతలో చేరిన నీళ్లు తోడేటప్పుడు మోటారు పైపు మూతి అడుగున పెడితే బురదంతా లాగుతుంది. ఖాళీ డబ్బాకు కట్టి నీళ్ల పైభాగంలో తేలేలా చేయండి. బయటికొచ్చే నీళ్లను గడ్డి ఉన్న నేల మీదికి గానీ వడకట్టే సంచిలోకి గానీ వదలండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: వాన తర్వాత గుంత అంచులను చూడకుండా ఎవరినీ లోపలికి దింపకండి. అంచుకు సమాంతరంగా నేల మీద సన్నటి పగులు కనిపించినా, గోడలోంచి నీళ్లు ఊరుతున్నా ఆ రోజు పని ఆపేయండి. తవ్విన మట్టి అంచుకు కనీసం 60 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. తడిసిన మట్టి బరువు పెరుగుతుంది, బలం తగ్గుతుంది, కూలేటప్పుడు పరుగెత్తే వ్యవధి కూడా ఇవ్వదు.

కాంక్రీట్ మిక్సర్ కడిగిన నీళ్లకు వేరే గుంత, లోపల ప్లాస్టిక్ పట్టా. ఆ నీళ్ల పీహెచ్ 12 దాకా ఉంటుంది, అంటే ఘాటైన క్షారం, చిన్న వాగులో కలిసినా చేపలు చస్తాయి.

ఎప్పుడు చూడాలి, ఎప్పుడు తీసేయాలి

వారానికి ఒకసారి, గట్టి వాన పడ్డాక 24 గంటల్లోపు ఇంకోసారి మొత్తం తిరిగి చూడండి. ఫోన్‌లో ప్రతిసారీ ఒకే చోట నిలబడి ఫొటో తీసుకుంటే ఏది కుంగుతోందో, ఏది నిండుతోందో ఇట్టే తెలుస్తుంది. ఈ పని ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించండి. అందరిదీ అని వదిలేస్తే ఎవరూ చూడరు.

ఇల్లు పూర్తయింది కదా అని కంచె పీకేయకండి. గడ్డి బాగా పట్టి, ఒక వానకు బయటికి పోయే నీళ్లు తేటగా కనిపించాకే తీయండి. తీసే ముందు కంచె వెనక చేరిన మట్టిని ఎత్తించి స్థలం పైభాగంలో పరిపించండి, గాడిని పూడ్చి తొక్కించండి, ఆ గీత వెంబడి కూడా గింజలు చల్లండి.