కువైట్‌లో ఉండే మనవాళ్ళకు: గ్రూపుల్లో రోజుకు ఎన్ని గంటలు పోతున్నాయో లెక్క తీయడం ఎలా

రెండేళ్ళ కిందట సెలవు మీద రాజంపేట పక్కన మా ఊరికి వచ్చినప్పటి మాట. ఆరో క్లాసు చదివే మా పాప నా ఫోన్‌లో గేమ్ ఎక్కించుకోబోయి సెట్టింగ్స్‌లోకి పోయింది, అక్కడ నిలువు గీతల బొమ్మ ఒకటి చూసి, "నాయనా, పోయిన మంగళవారం అయిదు గంటల నలభై నిమిషాలంట, ఇదేంది?" అని అందరి ముందరా చదివింది. మా అమ్మ సంగటి గెలకడం ఆపి, "మాతో పది నిమిషాలు మాట్లాడితే డ్యూటీ ఉందంటావు గదరా" అంది. నేనేం చెప్పేది? ఆ మంగళవారం నేను సినిమా చూడలేదు, గేమ్ ఆడలేదు. కువైట్ తెలుగువాళ్ళ గ్రూపులు, ఫేస్‌బుక్ పేజీలు, వాటి కింద జనం కొట్టుకునే కామెంట్లు, అంతే.

ఇంటి డ్రైవర్‌గా పదకొండేళ్ళు అయింది నాకు. ఆ సెలవు అయిపోయి వెనక్కి వచ్చాక లెక్క తీసి, కొంత తగ్గించుకున్నాను. ఎలా చేశానో రాస్తున్నా, పనికొస్తే వాడుకోండి.

ముందు ఒక గుణకారం. రోజుకు మూడు గంటలే అనుకుందాం. రెండేళ్ళ అగ్రిమెంటుకు 2,190 గంటలు, అంటే 91 రోజులు, రాత్రీ పగలూ కలిపి. మూడు నెలల జీతం ఎంతో మీకు తెలుసు గదా, దానితో పోల్చుకోండి.

ఫోన్‌లో లెక్క ఎక్కడుంటుందంటే, ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైమ్. ఏ యాప్‌లో ఎంతసేపు, రోజుకు ఎన్నిసార్లు ఫోన్ తీశారు, అన్నీ చూపిస్తుంది. ఒక్కరోజు చూసి వదిలేయొద్దు, శుక్రవారం ఉన్నట్టు ఆదివారం ఉండదు కాబట్టి వారమంతా చూడాలి. అయితే ఇక్కడ మనలాంటివాళ్ళకు ఒక తిరకాసు ఉంది. వాట్సాప్ రెండు గంటలు అని చూపిస్తుంది సరే, అందులో పెళ్ళాంబిడ్డలతో మాట్లాడింది ఎంత, గ్రూపులో ఊరికే పైకీ కిందికీ తోసింది ఎంత, అది చెప్పదు. దీనికి నేను చేసింది ఏమంటే, ఇంటికి కాల్స్ అన్నీ ఇమో అనే ఇంకో కాల్స్ యాప్‌కు మార్చాను, గ్రూపులు వాట్సాప్‌లోనే ఉంచాను. ఇక రెండు లెక్కలూ దేనికది తేలిపోయాయి. మీ ఇంట్లో ఇమో వద్దంటే వాట్సాప్‌లోనే కాల్స్ అని ఉంటుంది, అందులోకి పోయి ఒక్కో కాల్ ఎన్ని నిమిషాలో చూసి కూడి, మొత్తంలోంచి తీసేయండి. కొంచెం విసుగు పని, వారం రోజులే గదా.

ఫోన్ లెక్క ఎంతసేపో చెబుతుంది గానీ ఎందుకో చెప్పదు. దానికి కాగితమే దిక్కు. బకాలాలో, అంటే ఇక్కడి కిరాణా కొట్లో ఇచ్చిన బిల్లు వెనక్కి తిప్పి, గ్రూపు తెరిచిన ప్రతిసారీ ఒక అక్షరం రాశాను. పనుండి తెరిస్తే "అ", అంటే అవసరం. పని లేకుండా తెరిస్తే "ఊ", అంటే ఊరికే. బతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, రెన్యువల్ గురించి అడగడానికి తెరిస్తే అ. చెన్నై టికెట్ రేటు చూడటానికి తెరిస్తే అ. ఎవరో ఎవరినో తిడుతున్నారని మళ్ళీ తెరిస్తే ఊ. మోసం చేయకుండా రాయాలి, ఎవరూ చూడరు. గురువారం రాత్రికే బిల్లు వెనక చోటు చాలక ఇంకో బిల్లు తీశాను. వారం చివర లెక్కబెడితే అ పంతొమ్మిది, ఊ నూట నలభై పైన. ఒక్క ఊ రెండు నిమిషాలే అనిపిస్తుంది, వాటిని ఒకచోట పోసి చూస్తే గానీ గంటలని తెలియదు.

ఊలు ఎప్పుడు పడుతున్నాయో కూడా చూడండి, పక్కన టైమ్ వేసుకుంటే చాలు. నావి దాదాపు అన్నీ కారులోనే. ఇంటి డ్రైవర్ పనిలో సగం ఎదురుచూపే: బడి బయట, సలూన్ బయట, మాల్ పార్కింగ్‌లో. వంటపని చేసే ఆడవాళ్ళకైతే రాత్రి గిన్నెలన్నీ అయ్యాక రూములో పడుకున్నాక పడతాయి, మా చెల్లెలు చెప్పింది, పదకొండుకు మొదలుపెడితే ఒంటిగంట. పొద్దున అయిదింటికి మళ్ళీ లేవాలి.

ఇప్పుడు అసలు సంగతి. కువైట్‌కూ మనకూ రెండున్నర గంటల తేడా. సాయంత్రం అయిదింటికి నేను అవెన్యూస్ మాల్ పార్కింగ్‌లో ఏసీ వేసుకుని గ్రూపు చూస్తుంటే ఇంట్లో ఏడున్నర, పాప అన్నం ముందు కూర్చునే టైమ్. నేను డ్యూటీ దిగి రూముకు వచ్చి, కాళ్ళు కడుక్కుని, తిని, ఇక తీరిగ్గా ఫోన్ చేద్దామనుకునేసరికి తొమ్మిదిన్నర, అక్కడ పన్నెండు. ఇంట్లోవాళ్ళు నిద్రలో ఉన్న బిడ్డను లేపి "నాయన, మాట్లాడు" అంటే ఊ అంటుంది, మళ్ళీ పడుకుంటుంది. తొమ్మిదేళ్ళు నేను ఇదే చేశాను. టైమ్ లేక కాదు, ఉన్న టైమును తలకిందులుగా పెట్టుకుని.

కాబట్టి తగ్గించడం కన్నా ముందు మార్చండి. సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా, అంటే మన ఊళ్ళో ఆరున్నర నుంచి తొమ్మిది దాకా, కారులో ఎదురుచూసే టైమ్ ఎంత దొరికినా అది ఇంటిది. పది నిమిషాలు దొరికితే పది, అయిదు దొరికితే అయిదు. గ్రూపులు రాత్రి ఎనిమిది తర్వాత, అప్పటికి ఇంట్లో పదిన్నర, పడుకుని ఉంటారు. మొదటి వారం చెయ్యి దానంతటదే గ్రూపు మీదికి పోతుంది. నేను వాట్సాప్‌ను ముందు పేజీలోంచి తీసి మూడో పేజీలో వేసి, ఆ స్థానంలో ఇమో పెట్టాను. పిల్లచేష్టలా ఉన్నా పనిచేసింది.

మ్యూట్ గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలుసు. గ్రూపును ఎనిమిది గంటలకో వారానికో కాకుండా ఎప్పటికీ అని మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయండి. టైమర్ మాత్రం జాగ్రత్త. ఆండ్రాయిడ్‌లో యాప్ టైమర్ పెడితే టైమ్ అయిపోగానే ఆ యాప్ మూతపడుతుంది, నోటిఫికేషన్ కూడా రాదు. నేను హుషారుగా వాట్సాప్‌కే ముప్పై నిమిషాల టైమర్ పెట్టేశాను. ఆరోజు మధ్యాహ్నం మామ, అంటే మా ఇంటి మేడమ్, పిల్లవాణ్ణి ముందే తీసుకురమ్మని మెసేజ్ పెట్టింది. నాకు రాలేదు. తర్వాత విన్న మాటలు ఇక్కడ రాయలేను. టైమర్ ఫేస్‌బుక్‌కు పెట్టుకోండి, వాట్సాప్ జోలికి పోవద్దు.

డ్రైవర్లకు ఇంకో మాట. సిగ్నల్ దగ్గర ఒక్కసారి చూద్దాంలే అనుకునేవాళ్ళు ఉన్నారు. 2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త ట్రాఫిక్ చట్టం వచ్చాక, నడుపుతూ ఫోన్ చేతిలో పట్టుకుంటే జరిమానా 75 దీనార్లు, ముందు అయిదే ఉండేది. చాలామంది జీతంలో అది సగానికి పైన.

అ లను కూడా తగ్గించవచ్చు, అది అడిగే పద్ధతిలో ఉంది. గ్రూపులో "అన్నా వీసా మార్చుకోవచ్చా" అని పెడితే, ఏ వీసా అని ఒకరు, కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకున్నాడా అని ఒకరు, గుడ్‌మార్నింగ్ పువ్వు బొమ్మతో ఒకరు, ఇలా సాయంత్రం దాకా మీరు ఫోన్ చూస్తూనే ఉండాలి. వీసా 20 నంబరా (ఇంటిపనిది) 18 నంబరా (కంపెనీ పనిది), వచ్చి ఎన్నాళ్ళయింది, అకామా (ఇక్కడ ఉండే అనుమతి) ఎప్పటిదాకా ఉంది, మీకు ఏం కావాలి, నాలుగూ ఒకే మెసేజ్‌లో పెట్టండి. దయచేసి రాయండి, వాయిస్ పెట్టొద్దు. వాయిస్‌ను రేపు ఎవరూ వెతకలేరు, అదే ప్రశ్న ఇంకొకడు మళ్ళీ అడుగుతాడు. ఇతరుల వాయిస్ వినాల్సి వస్తే రెండింతల స్పీడులో వినండి, మన కడపోళ్ళు అసలే వేగం, అయినా అర్థమవుతుంది.

అడగడానికి ముందు గ్రూపు పేరు మీద నొక్కితే వచ్చే సెర్చ్‌లో ఒకసారి వెతకండి. తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి. దొరికాక దాని తేదీ చూడండి, ఇది మాత్రం మరిచిపోవద్దు. 20 నంబరు ఇంటిపని వీసాను 18కి మార్చుకోవడానికి 2024లో జూలై 14 నుంచి సెప్టెంబర్ 12 దాకా అవకాశం ఇచ్చారు. ఆ గడువు అయిపోయాక కూడా ఆ మెసేజ్ తిరుగుతూనే ఉంది, దాన్ని పట్టుకుని కఫీల్‌తో గొడవ పెట్టుకున్నవాణ్ణి నేను ఎరుగుదును. అకామా లేకుండా ఉండిపోయినవాళ్ళకు ఇచ్చే క్షమాభిక్ష సంగతీ అంతే, 2024 మార్చిలో పెట్టింది ఆ జూన్ ఆఖరుతో ముగిసింది. తలమీద రెండు బాణాల గుర్తుతో చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని కనబడితే చదవడం కూడా దండగ. 2025 జూలై 1 నుంచి 18 నంబరు వాళ్ళు దేశం దాటాలంటే ఎగ్జిట్ పర్మిట్ కావాలన్నప్పుడు గ్రూపుల్లో మూడు రోజులు నిద్రలేకుండా వాదించుకున్నారు. దానికి కువైట్ ప్రభుత్వ సాహెల్ యాప్‌లో దరఖాస్తు పెట్టవచ్చు, అక్కడికి పోయి చూసినవాడికి పది నిమిషాల్లో తేలింది.

అలాగని గ్రూపులన్నీ తీసేయమని నేను చెప్పను. 2024 జూన్ 12 తెల్లవారుజామున మంగాఫ్‌లో కూలీలు ఉండే భవనం తగలబడి నలభై మందికి పైగా భారతీయులు పోయినరోజు, ఊరినుంచి వచ్చే ఫోన్లకు ఎవరు ఎక్కడున్నారో కనుక్కుని చెప్పింది గ్రూపే. అలాంటి రోజు ఎన్ని గంటలు చూసినా అన్నీ అ లే. రెండు ఉంచుకోండి: మీ ఊరివాళ్ళది ఒకటి, మీ పనివాళ్ళది ఒకటి. నేను పదిహేడింటిలో రెండు ఉంచి మిగతావాటిలోంచి వచ్చేశాను.

వచ్చేశాననుకున్నాను. పొద్దున లేచి చూస్తే మా బామ్మర్ది నాలుగింటిలో మళ్ళీ చేర్చి, "బావా, పొరపాటున నొక్కినట్టున్నావే" అని పెట్టాడు. దీనికీ మందు ఉంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో గ్రూప్స్, అక్కడ మనల్ని ఎవరు చేర్చవచ్చో అడుగుతుంది. కాంటాక్ట్స్‌లో వీళ్ళు తప్ప అనేది నొక్కి, ఎవరు వద్దో వాళ్ళ పేరు పక్కన టిక్ పెట్టాలి. బామ్మర్ది పేరు పక్కన టిక్ పెట్టి ఏడాది దాటింది. వాడికి ఇంకా తెలియదు.