రోహిణి కార్తెలో మిద్దె తోట: ముందు వేరును కాపాడండి

మా ఇల్లు విజయవాడ సత్యనారాయణపురంలో. రెండంతస్తుల మేడ, పైన సిమెంటు మిద్దె, పడమటి ఎండకు అడ్డమే లేదు. పదకొండేళ్లుగా ఆ మిద్దె మీద అరవై దాకా కుండీల్లో కూరగాయలూ పూలూ పెంచుతున్నాను. మే నెలలో ఈ ఊళ్లో 44 డిగ్రీలు దాటడం కొత్త సంగతి కాదు. మధ్యాహ్నం రెండింటికి ఆ గచ్చు మీద చెప్పులు లేకుండా నాలుగడుగులు వేయలేం. మొక్క మాత్రం రోజంతా అక్కడే ఉండాలి. అందుకే వేసవి తోట గురించి ఎవరడిగినా మొదట వేరు సంగతే చెబుతాను. ఎండకు వాలిన ఆకు సాయంత్రానికి తేరుకుంటుంది. వేరు ఉడికిపోతే మాత్రం మొక్క దక్కదు.

ఏప్రిల్ మొదటి వారంలోనే ప్రతి కుండీనీ రెండు ఇటుకల మీదికి ఎక్కిస్తాను. గచ్చు వేడి నేరుగా అడుగుకు తగలదు, నీరు దిగే చిల్లు కూడా మూసుకుపోదు. నల్ల గ్రో బ్యాగులకు, ప్లాస్టిక్ బకెట్లకు పాత గోనె సంచులు చుట్టి పురికొసతో కడతాను. తర్వాత అన్నింటినీ దగ్గరగా జరిపి, పెద్ద కుండీలను పడమటి వైపు వరుసగా పెడతాను. వాటి నీడ చిన్నవాటి మీద పడుతుంది. విడివిడిగా ఉన్న కుండీకి నాలుగు పక్కలా ఎండే. గుంపులో ఉన్నదానికి ఆ బాధ సగం తప్పుతుంది.

ఇక మట్టికి కప్పు వేయాలి. ఎండుటాకులు, వరిగడ్డి, కొబ్బరి పీచు, చెరకు పిప్పి, ఏది దొరికితే అది రెండు మూడు అంగుళాల మందాన పరవండి. కాండానికి ఆనకుండా రెండు వేళ్ల ఎడం వదలండి, లేకపోతే మొదలు దగ్గర కుళ్లు పడుతుంది. ఖర్చు లేని పని ఇది. అయినా చాలామంది దీన్నే వదిలేసి ఖరీదైన మందులు కొంటారు. చూస్తుంటే బాధేస్తుంది.

నీళ్ల దగ్గర కాస్త నెమ్మదిగా చెప్పాలి, ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే. నేను పోయడం మొదలుపెట్టేది ఉదయం ఆరు లోపు. కుండీ అడుగు చిల్లులోంచి నీరు కారేదాకా పోస్తాను. సాయంత్రం ఎండ దిగాక వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూస్తాను. లోపల తడి తగిలితే ఆ కుండీ జోలికి పోను. ఒక ఏడాది మధ్యాహ్నం రెండింటికి టమాటా మొక్కలు తలలు వాల్చేశాయని కంగారుపడి పైపు తీసుకుని పోశాను. మిద్దె మీద ట్యాంకులో, పైపులో ఉన్న నీళ్లు అప్పటికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఉన్నాయి. వారం తిరగకుండా ఎనిమిది మొక్కల్లో ఆరు పోయాయి. పీకి చూస్తే వేళ్లు గోధుమ రంగుకు తిరిగి, పట్టుకుంటే పైపొర ఊడి వచ్చింది. అప్పటినుంచీ పైపులో నిలిచిన నీటిని ముందు బకెట్లోకి వదిలి, చల్లబడ్డాకే వాడుతున్నాను.

పక్కింటి వదినగారు మొన్న వచ్చి, "రోజూ రెండు చెంబులు పోస్తున్నాను, అయినా వంగమొక్క ఎండిపోతోందమ్మా" అన్నారు. వెళ్లి చూశాను. కొబ్బరి పొట్టు ఎక్కువ కలిపిన మట్టి బాగా ఎండి, కుండీ గోడను వదిలేసి లోపలికి ముడుచుకుపోయింది. గోడకూ మట్టికీ మధ్య వేలు పట్టేంత సందు. పోసిన నీరు పోసినట్టే ఆ సందులోంచి జారి అడుగున కారిపోతోంది. కుండీ ఎత్తితే దూది మూటలా తేలిగ్గా ఉంది. దాన్ని నీళ్ల తొట్టిలో సగం దాకా దించి, బుడగలు ఆగేదాకా అరగంట ఉంచాం. సందులో కొత్త మట్టి కూరి, పైన ఎండుటాకులు కప్పాం. మూడో రోజుకు కొత్త చిగురు కనిపించింది. కొబ్బరి పొట్టు ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని తొందరగా పట్టుకోదు. అలాంటి కుండీకి ఒకేసారి కుమ్మరించకుండా, పది నిమిషాల తేడాతో రెండుసార్లు పోయండి.

ఊరికి వెళ్లాల్సి వస్తే పెద్ద తొట్లలో చిన్న మట్టి కుండను మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెడతాను. కాల్చిన మట్టిలోంచి నీరు కొద్దికొద్దిగా చెమరుస్తుంటే వేళ్లు దాని చుట్టూ చేరి తాగుతాయి. రంగు వేసిన కుండలు దీనికి పనికిరావు.

షేడ్ నెట్ అన్ని మొక్కలకూ అక్కర్లేదు. ఆకుకూరలకు, టమాటాకు, మిరపకు 50 శాతం నీడనిచ్చేది చాలు. తలకు తగలని ఎత్తున కట్టి, పక్కలు గాలికి వదిలేయండి. మల్లెకు మాత్రం నీడ వద్దు, ఎండ తగ్గితే మొగ్గ తగ్గుతుంది. ఈ ఎండల్లో కొత్తిమీర కోసం తాపత్రయపడకండి. దాని బదులు గోంగూర, తోటకూర, బచ్చలి, బెండ, గోరుచిక్కుడు వేసుకోండి, అవి మన వేసవి ఎరిగిన పంటలు. బచ్చలి తీగ నా మిద్దె మీద మే నెలంతా పప్పులోకి ఆకు ఇస్తూనే ఉంటుంది.

టమాటా పూత రాలిపోతోందని ఎరువు గుప్పించకండి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్లు కూడా ఉక్కగా ఉంటే పుప్పొడి సరిగా పనిచేయదు, పిందె కట్టదు. బలం లేక రాలుతున్న పూత కాదది. ఎండ తగ్గాక అదే మొక్క మళ్లీ పూస్తుంది. ఈ రెండు నెలలూ రసాయన ఎరువులు, పచ్చి పేడ పూర్తిగా ఆపేస్తాను. కొమ్మలు కత్తిరించను, కుండీలు మార్చను. పదిహేను రోజులకోసారి జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి నీళ్లలో కలిపి పులియబెట్టింది) ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలిపి పోస్తాను, అంతే.

ఎర్రనల్లి, అంటే ఆకు రసం పీల్చే నలుసంత పురుగు, పొడి ఎండలోనే విజృంభిస్తుంది. బెండ, వంగ ఆకు మీద సన్నటి తెల్లచుక్కలు కనిపిస్తే, ఆకు కింద తెల్ల కాగితం పట్టి వేలితో తట్టండి. రాలిన నలుసులు కదిలితే అది నల్లే. ఉదయం పూట ఆకు అడుగుభాగం తడిసేలా నీటిని జోరుగా కొట్టండి. రెండు మూడు రోజులు అలా చేసినా తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలవడానికి కాస్త కుంకుడు రసం చేర్చి, పొద్దు వాలాక పిచికారీ చేయండి. ఎండలో కొడితే నూనె పడ్డ చోటల్లా ఆకు మాడిపోతుంది.

రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వచ్చి రెండు వారాలు ఉంటుంది. ఆ రోజుల్లో రోజూ ఒక్కసారైనా పైకెక్కి ప్రతి కుండీ మట్టినీ ముట్టుకుని చూడండి. జూన్‌లో ఆకాశం మబ్బు పట్టడం మొదలయ్యాక, షేడ్ నెట్‌ను ఒక సాయంత్రం చూసి విప్పేయండి. పగటి పూట ఉన్నట్టుండి విప్పితే నీడకు అలవాటుపడిన ఆకు మాడుతుంది. మొదటి వాన పడ్డ మర్నాడు వాడిన కొమ్మలు తుంచి, గోనెలు ఊడదీసి, ప్రతి కుండీకీ గుప్పెడు వర్మీ కంపోస్టు వేస్తాను.