ఇంట్లోనే క్లాసికల్ గిటార్ – 7వ పాఠం: బొటనవేలికి పాట, మిగతా వేళ్లకు తోడు

పోయిన పాఠంలో కుడిచేతి వేళ్లను తీగలకు అలవాటు చేశాం. ఈసారి అసలు కష్టం మొదలవుతుంది. ఒకే చేత్తో పాటను పైకి వినిపించాలి, తోడు స్వరాలను అణచి వాయించాలి. దీనికి నాకు తెలిసిన మంచి దారి క్యూబా స్వరకర్త లియో బ్రౌవర్ రాసిన చిన్న అధ్యయనాలు, అంటే సాధన కోసం రాసిన చిన్న గిటార్ రచనలు.

బ్రౌవర్ 1939లో హవానాలో పుట్టారు. గిటార్ మొదట నాన్న నేర్పారు, తర్వాత ఐజాక్ నికోలా దగ్గర నేర్చుకున్నారు. నికోలాకు గురువు ఎమీలియో పుజోల్, పుజోల్‌కు గురువు స్పెయిన్ గిటార్ దిగ్గజం ఫ్రాన్సిస్కో తారెగా. స్వరరచన మాత్రం బ్రౌవర్ చాలావరకు సొంతంగానే పట్టుకున్నారు. న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత విద్యాలయానికి వెళ్లేనాటికే రచనలు చేస్తున్నారు. బార్టోక్, స్ట్రావిన్‌స్కీ లాంటి పెద్ద స్వరకర్తలు గిటార్‌కు ఏమీ రాయలేదన్న వెలితి ఆయన్ని రాయించింది. సొంతంగా నేర్చుకునే మనకు ఈ మాట చాలా ధైర్యమిస్తుంది.

తర్వాత క్యూబా సినిమాలకు సంగీతం చేశారు, ఆర్కెస్ట్రాలు నడిపారు, 1981లో ‘ఎల్ డెకామెరాన్ నెగ్రో’ అనే గిటార్ రచన రాశారు. ఇంత పెద్ద పనులు చేసిన మనిషి కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం ఇరవై అధ్యయనాలు రాశారు. అవి ఉట్టి వేళ్ల కసరత్తు కాదు, కచేరీలో వాయించినా నిలబడే సంగీతం. మొదటి అధ్యయనంలో పాట బొటనవేలిది, పై తీగలు (హెచ్చు స్వరం పలికే సన్న తీగలు) వెనకాల తోడు.

దానికి ముందు మన చేతిని సిద్ధం చేద్దాం. క్యూబా సంగీతంలో అడుగడుగునా వినిపించే లయ 3+3+2. ఇది మనకు కొత్త కాదు. నోటితో ‘తకిట తకిట తక’ అనండి, ఎనిమిది అక్షరాలు వస్తాయి. రవీంద్రభారతిలో మృదంగం విన్న చెవికి ఇది ఇట్టే ఎక్కుతుంది.

ఇప్పుడు గిటార్ తీసుకోండి. ప్రతి ‘త’కు బొటనవేలితో కింది స్వరం, అంటే లావు తీగ మీద తగ్గు స్వరం. మిగతా ఐదు అక్షరాలకు చూపుడువేలు మూడో తీగను, మధ్యవేలు రెండో తీగను కలిపి మీటాలి. మొదటి ‘త’కు ఆరో తీగ ఖాళీగా, రెండో ‘త’కు ఆరో తీగ మూడో ఫ్రెట్, మూడో ‘త’కు అయిదో తీగ ఖాళీగా. ఎడమచేతికి పని ఒక్క వేలిదే కాబట్టి ధ్యాసంతా కుడిచేతి మీదే పెట్టవచ్చు.

మెట్రోనోమ్‌ను (సమంగా దెబ్బలు వినిపించే సాధనం) 60 మీద, అంటే నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, ఒక్కో దెబ్బకు రెండు అక్షరాలు వెయ్యండి. ఒకటో ‘త’, మూడో ‘త’ దెబ్బ మీద పడతాయి. రెండోది మాత్రం రెండు దెబ్బల మధ్య పడుతుంది. అందరూ తడబడేది అక్కడే. టెన్షన్ పడకుండా గిటార్ పక్కన పెట్టి, నోటితో అంటూ మోకాలి మీద వెయ్యండి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో కూర్చుని కూడా ఇది చేసుకోవచ్చు.

లయ కుదిరాక శబ్దం సంగతి చూడండి. బొటనవేలిని బిగించి గట్టిగా కొట్టకండి, తీగను కాస్త లోపలికి నొక్కి వదలండి. వేళ్లను తీగకు దగ్గరగా ఉంచి మెత్తగా మీటండి. ఫోన్లో రికార్డు చేసి వినండి. కింది మూడు స్వరాలు ఒక పాటలా అతుక్కుని వినపడాలి. పై తీగలు వాటిని మింగేస్తుంటే వేగం పెంచకండి. నా దృష్టిలో 60 మీద శుభ్రంగా వాయించడం 120 మీద గజిబిజిగా వాయించడం కన్నా ఎంతో మేలు. ఆ తర్వాత తిరగేసి, పై తీగలు గట్టిగా, బొటనవేలు మెల్లగా ప్రయత్నించండి. చేతి మీద అదుపు వచ్చిందో లేదో అప్పుడే తెలుస్తుంది.

మణికట్టు నొప్పి పుడితే ఆ రోజుకు ఆపేయండి, మొండిగా లాగొద్దు. బ్రౌవర్ అంతటివారే కుడిచేతి వేలి గాయంతో 1980లలో కచేరీలు మానుకోవలసి వచ్చింది.

ఇంకో మాట. మన ఎండాకాలం గాలి బాగా పొడిగా ఉంటుంది. చెక్క బీటలు వారకుండా గిటార్‌ను కేసులోనే ఉంచండి, కూలర్ ముందు, కిటికీ పక్కన పెట్టకండి.

వచ్చే పాఠానికల్లా అధ్యయనాల పుస్తకం తెచ్చుకోండి. మొదటిదాన్ని మొదటి వరుస నుంచి మొదలుపెడదాం. ముందు బొటనవేలి స్వరాలు ఒక్కటే, పై తీగలు ముట్టుకోకుండా.