ఉపసర్గ తెలిస్తే సగం పని అయినట్టే: కష్టమైన ఇంగ్లీషు మాటలు కుటుంబాలుగా నేర్చుకోవడం

ఏ నుంచి జెడ్ దాకా అక్షరక్రమంలో కట్టిన పదాల జాబితా చేతిలో ఉంటే ముందు దాన్ని పక్కన పెట్టండి. 'అబేట్' పక్కన 'అబెరెంట్', దాని పక్కన 'అబెయన్స్'. నాలుగు రోజులయ్యేసరికి ఏది తగ్గడమో, ఏది దారి తప్పడమో, ఏది ఆగిపోవడమో కలగాపులగం అయిపోతుంది. ఆ జాబితా పదాన్ని వెతుక్కోవడానికి బాగుంటుంది, అంతవరకే.

నేను తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. విదేశాల్లో పైచదువుల కోసం రాసే జీఆర్‌ఈ పరీక్షకి చదివే పిల్లలు ఇంగ్లీషు మాటల కోసం నా దగ్గరికి రావడం చూసి మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. ఈ పనికి కావలసిన సరుకు నా దగ్గరే ఉందని నా ధీమా. ప్ర, పరా, అప, సం అంటూ సంస్కృత వ్యాకరణం 22 ఉపసర్గలు, అంటే మాట ముందు చేరి అర్థాన్ని మార్చే ముక్కలు, లెక్కపెట్టింది. వాటితో పుట్టిన మాటలు మనం రోజూ వాడుతూనే ఉంటాం. ఇంగ్లీషులో బరువుగా కనిపించే మాటలు చాలావరకు లాటిన్, గ్రీకు సంతానం. ఆ రెండూ సంస్కృతానికి చుట్టాలని 1786లోనే విలియం జోన్స్ అనే పండితుడు కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ సభలో చెప్పాడు. ఆ చుట్టరికాన్ని వాడుకోవడమే నా పద్ధతి.

మొదట 'పరి' తీసుకోండి. పరిధి, పరిసరాలు, పరిభ్రమణం, వీటన్నిటిలో 'చుట్టూ' అనే భావం ఉంది. గ్రీకు 'పెరి' దీనికి తోబుట్టువు. లాటిన్‌లో ఇదే పని చేసేది 'సర్కమ్'. నోటు పుస్తకంలో ఒక పేజీ పూర్తిగా ఈ కుటుంబానికి ఇవ్వండి. పేజీ మధ్యలో నిలువుగా గీత గీసి ఎడమవైపు అక్షరార్థం, కుడివైపు వాడుకార్థం రాయండి. పదాన్ని మాత్రం ఇంగ్లీషు లిపిలోనే రాయాలి, లేకపోతే స్పెల్లింగ్ రాదు.

'సర్కమ్‌లొక్యూషన్': ఎడమవైపు 'చుట్టూ మాట్లాడటం', కుడివైపు 'డొంకతిరుగుడు'. 'సర్కమ్‌స్పెక్ట్': ఎడమవైపు 'చుట్టూ చూసే', కుడివైపు 'ముందూవెనకా చూసుకుని అడుగేసే'. 'సర్కమ్‌స్క్రైబ్' అంటే అక్షరాలా చుట్టూ గీయడం. మనం గిరి గీయడం అంటామే, అదే. అధికారాలకో స్వేచ్ఛకో హద్దు పెట్టేటప్పుడు ఈ మాట వస్తుంది. 'సర్కమ్‌వెంట్' అంటే చుట్టూ తిరిగి రావడం, అంటే నిబంధననో అడ్డంకినో ఎదుర్కోకుండా పక్కనుంచి జారుకోవడం. ఇందులో కాస్త తెలివితేటల వాసన ఉంటుంది, కుడివైపు గడిలో ఆ సంగతీ రాసుకోండి. ఇక 'సర్కమ్‌నావిగేట్' అంటే ఓడలో చుట్టిరావడం. దీనికి వాక్యం రాయమంటే ప్రతివాళ్లూ భూమిని మెజెలాన్ చుట్టివచ్చాడనే రాస్తారు. ఆయన 1519లో బయల్దేరిన మాట నిజమే కానీ, 1521లో ఫిలిప్పీన్స్‌లోనే చనిపోయాడు. 1522లో ఓడను తిరిగి చేర్చింది ఎల్కానో అనే నావికుడు. వాక్యంలో ఆయన పేరు పెట్టండి, చరిత్ర కూడా వచ్చేస్తుంది.

ఇప్పుడు అదే పేజీలో గ్రీకు వాళ్లని కూర్చోబెట్టండి. 'పెరిఫ్రాసిస్' అన్నా 'సర్కమ్‌లొక్యూషన్' అన్నా ఒకటే, చుట్టూ తిప్పి చెప్పడం. 'పెరిఫెరీ'కీ 'సర్కమ్‌ఫరెన్స్'కీ అక్షరార్థం ఒకటే, చుట్టూ మోసుకుపోయేది. ఆ 'ఫెర్' మన 'భరించు'లోని 'భర్'కి చుట్టమే. 'పెరిఫెరల్' మాత్రం వాడుకలో ఇంకో అడుగు వేసి, అంచున ఉన్నది కాబట్టి అంత ముఖ్యం కానిది అయింది. ఇలాంటి జంటలు పరీక్షకీ పనికొస్తాయి. జీఆర్‌ఈలో ఒక రకం ప్రశ్నకి ఆరు మాటలిచ్చి, వాక్యానికి ఒకే అర్థం వచ్చేలా రెండు ఎంచుకోమంటారు.

నోటితో పలకడం కూడా ఇప్పుడే చూసుకోవాలి. ఉపసర్గ ఒకటే అయినా ఒత్తు, అంటే గట్టిగా నొక్కి పలకడం, ఒకేచోట పడదు. 'సర్కమ్‌స్పెక్ట్'లో 'సర్' మీద, 'సర్కమ్‌ఫరెన్స్'లో 'కమ్' మీద, 'సర్కమ్‌వెంట్'లో 'వెంట్' మీద, 'సర్కమ్‌లొక్యూషన్'లో 'క్యూ' మీద పడుతుంది. ఆన్‌లైన్ డిక్షనరీలో స్పీకర్ బొమ్మ నొక్కి విని, ఒత్తు పడేచోట పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి.

తర్వాతి కుటుంబాలకి ఇంత సమయం పట్టదు. మన 'దుర్' గ్రీకులో 'డిస్', వైతో రాసేది. 'డిస్టోపియా', 'డిస్‌పెప్సియా', 'డిస్‌ఫంక్షనల్' అన్నీ ఏదో సరిగా లేదనే చెప్తాయి. 'సు'కి జోడీ 'యూ': 'యులజీ', 'యూఫొనీ', 'యూఫమిజమ్'. చనిపోయారనడానికి కాలం చేశారంటాం కదా, అది యూఫమిజమ్. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వ్యతిరేకార్థంలో వచ్చే 'అ'. అంతం లేనిది అనంతం, ధర్మం కానిది అధర్మం. అచ్చు ముందు 'అన్', హల్లు ముందు 'అ'. గ్రీకులోనూ సరిగ్గా ఇదే సూత్రం. హల్లు ముందు 'అమార్ఫస్', రూపం లేనిది. అచ్చు ముందు 'అనార్కీ', పాలకుడు లేని స్థితి. మన 'అరాచకం' కూడా రాజు లేకపోవడమే. 'అనానిమస్' చూడగానే 'అనామకం' గుర్తుకు రాకపోతే మరోసారి పైకి చదవండి.

ఉపసర్గ వేషం మార్చినప్పుడు కంగారుపడకండి. సత్, జనుడు కలిస్తే సజ్జనుడు అవుతుంది, అది సంధి. అలాగే 'ఇన్', 'లీగల్' కలిసి 'ఇల్లీగల్' అయింది. 'కలిసి' అనే అర్థమున్న గ్రీకు 'సిన్' కాస్తా 'సింపతీ'లో పెదవులు కలిపి 'సిమ్'గా మారింది. 'వైపు' అనే అర్థమున్న లాటిన్ 'అడ్' మరీ బహురూపి. 'అఫిక్స్', 'అగ్రిగేట్', 'అలొకేట్', 'అసిమిలేట్', 'అపెండ్' అన్నిటిలోనూ దాక్కున్నది అదే. స్పెల్లింగ్‌లో ఒకే హల్లు రెండుసార్లు ఎందుకొచ్చిందన్న సందేహం కూడా ఇక్కడితో తీరిపోతుంది.

అయితే ఉపసర్గ దొరికిందని అర్థం మొత్తం దొరికినట్టు కాదు. ఆహారం, విహారం, సంహారం, పరిహారం: ధాతువు, అంటే మాటకి మూలమైన ముక్క, ఒకటే; అర్థాలు ఎక్కడెక్కడికో పోయాయి. ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా వేరేచోటికి లాక్కుపోతుందని పాత శ్లోకమే ఉంది. అందుకే రెండు గడులు పెట్టమన్నది.

దొంగ చుట్టాలూ ఉంటారు. 'పెరిల్', 'పెరిష్' చూడ్డానికి 'పెరి' బంధువుల్లా ఉన్నా ఆ ఇంటివి కావు. 'మాల్' అంటే చెడు అని నేర్చుకున్నాక 'మాలెవొలెంట్', 'మాలెఫాక్టర్' సులువుగా వస్తాయి. ఆ ఊపులో 'మాలియబుల్' కూడా చెడ్డదే అనుకుంటారు. అది సుత్తి అనే లాటిన్ మాట నుంచి వచ్చింది, కొడితే సాగేది అని అర్థం. 'ఇన్' రెండు రకాలు. 'ఇన్‌వాల్యుబుల్'లో 'కాదు' అనే అర్థమే, సరిగ్గా మన 'అమూల్యం' లాగా. 'ఇన్‌ఫ్లేమబుల్'లో మాత్రం 'కాదు' లేదు, అది సులువుగా అంటుకునేదే. దీన్ని తప్పుగా చదివితే పోయేది మార్కులొక్కటే కాదు. పేజీ అడుగున నాలుగు గీతలు ఈ దొంగ చుట్టాలకి వదిలిపెట్టండి.

కొత్త మాట ఎదురైతే డిక్షనరీ తెరవకముందే మీ ఊహ పెన్సిల్‌తో రాయండి. తప్పయితే చెరిపేయకుండా పక్కనే సరైనది పెన్నుతో రాయండి. ఆ తర్వాత సొంత వాక్యం ఒకటి. ఇది తప్పించుకునే వీల్లేదు, ఎందుకంటే 2011లో జీఆర్‌ఈ మారినప్పుడు విడిగా వ్యతిరేకపదాలు అడిగే ప్రశ్నలు తీసేశారు. ఇప్పుడు మాట వాక్యంలోనే పరీక్షకొస్తుంది.

పునశ్చరణకి మాత్రం కుటుంబాన్ని విడగొట్టాలి. ఒకే పేజీ చదువుకుంటూ పోతే 'చుట్టూ' అనే సగం జవాబు ముందే చేతిలో ఉంటుంది. చీటీల మీద తెలుగు రాసి, అన్ని కుటుంబాలూ కలిపేసి, తెలుగు నుంచి ఇంగ్లీషుకి అడిగించుకోండి. 'డొంకతిరుగుడు' అనగానే మాట నోట్లోంచి రావాలి. ఒక్కో కుటుంబానికి ఆరేడు మాటలు చాలు, అంతకు మించితే టెన్షన్ తప్ప లాభం లేదు.

'ఎదురుగా' అనే అర్థమున్న లాటిన్ 'ఆబ్' లాంటి వాటితో ఈ పద్ధతి అంతగా సాగదు. 'ఆబ్డ్యురేట్', 'ఆబ్స్టినేట్'లలో ఎదురు తిరిగిన ఛాయ కొంత తెలుస్తుంది. 'ఆబ్సీక్వియస్'కి వచ్చేసరికి, ఎదురు తిరగడం పోయి, అతివినయంతో ఒకరి వెంటపడి అన్నిటికీ తలూపడం అయింది. అలాంటి మాటలకి చుట్టరికాలు కలపకండి. ఒక్కోదానికి రెండేసి వాక్యాలు రాసి, చీటీల్లో కలిపేసి, తర్వాతి పేజీకి వెళ్లిపోండి.