లివర్ ట్రాన్స్‌ప్లాంట్ అయ్యి ఇంటికొచ్చాక ఏం చూసుకోవాలి

నాన్నకి నా లివర్‌లో ముక్క ఇచ్చి మూడేళ్లయింది, అందరూ ఆపరేషన్ గురించే అడుగుతారు గానీ అసలు పని డిశ్చార్జ్ అయ్యాకే మొదలవుతుంది.

ముందు టాక్రోలిమస్. పొద్దున 9, రాత్రి 9 అంటే 9కే, అలారం పెట్టేసుకోండి. మన ఒళ్లు కొత్త లివర్ మీద పడకుండా ఆపేది ఇదే, తగ్గితే రిజెక్షన్, ఎక్కువైతే చేతులు వణుకుతాయి, క్రియాటినిన్ (కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష అంకె) పెరుగుతుంది. రక్తంలో ఈ మందు ఎంతుందో చూసే లెవెల్ టెస్ట్ ఉన్న రోజు పొద్దున డోస్ రక్తం ఇచ్చాకే వెయ్యాలి. మేం ఒకసారి అలవాటు కొద్దీ వేసేసి వెళ్లాం, లెవెల్ బాగా ఎక్కువొచ్చి డోస్ తగ్గించబోయారు, ఇంతలో "టాబ్లెట్ వేసుకునే వచ్చారండీ" అని అమ్మ అనబట్టి సరిపోయింది. అప్పట్నుంచి టెస్ట్ రోజు ఆ డబ్బా నా బ్యాగులోనే.

రిజెక్షన్ భయం మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువ, చాలాసార్లు మనిషికేమీ తెలీదు, శుభ్రంగా తింటూ టీవీ చూస్తుంటారు, ఎల్ఎఫ్‌టీలో (లివర్ రక్తపరీక్ష) మాత్రం ఎంజైమ్స్ పెరిగి ఉంటాయి. బానే ఉన్నారుగా అని టెస్ట్ వాయిదా వెయ్యకండి, త్వరగా పట్టుకుంటే ఎక్కువమందికి మందులతోనే దారికొస్తుంది.

ఇక పిత్తనాళం, అంటే లివర్ నుంచి పైత్యరసాన్ని పేగులోకి తీసుకెళ్లే గొట్టం. మాలాగా ఇంట్లోవాళ్లే ఇచ్చిన కేసుల్లో ఈ తంటా ఎక్కువ, అతికించిన చోట సన్నబడిపోతుంది. ఒళ్లు దురద, మూత్రం డికాషన్ రంగు, మలం తెల్లబడటం, కళ్లు పచ్చబడటం, ఏది కనిపించినా వెంటనే చెప్పాలి. నాన్న అయిదో నెలలో అరచేతులు గోక్కోవడం మొదలెడితే మేం రెండు సబ్బులు మార్చాం, తీరా చూస్తే రక్తంలో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) పెరిగింది. నోట్లోంచి గొట్టం పంపి స్టెంట్ వేశారు, తర్వాత తీసేశారు.

జ్వరం 100.4 దాటితే డోలో వేసి పొద్దున చూద్దాం అనుకోవద్దు, రాత్రయినా సరే ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కి ఫోన్ కొట్టండి.

మంచి సెంటర్లలో ఏడాది తర్వాత వందలో 90 మంది దాకా బతికుంటున్నారు. ఏళ్లు గడిచాక లివర్ కంటే కిడ్నీ, షుగర్, గుండె, కాన్సర్ మీదే కన్నేసి ఉంచాలి.

చివరగా చుట్టాలు. తిప్పతీగ ఇమ్యూనిటీ పెంచుతుందని తెస్తారు, అయ్యా మేం లక్షలు పోసి తగ్గించుకుంటున్నది ఆ ఇమ్యూనిటీనే. పంపరపనస కూడా వద్దు, టాక్రో లెవెల్ పెంచేస్తుంది. ఒళ్లు నొప్పులకి మెడికల్ షాపులో అడిగి బ్రూఫెన్, డైక్లో వేసుకోవద్దు, ముందే నలిగున్న కిడ్నీ మీద పడతాయి.