మోషన్ క్యాప్చర్ లైవ్ డేటా పక్క కంప్యూటర్‌కి చేరాలంటే

మోషన్ క్యాప్చర్ అంటే నటుడి కదలికలను కెమెరాలతో పట్టి కంప్యూటర్‌లోని బొమ్మకి ఎక్కించడం. ఆ లైవ్ డేటా, అంటే స్ట్రీమ్, రావట్లేదని ఎవరైనా ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది ఒక్కటే: అదే కంప్యూటర్‌లో వస్తోందా? చాలామంది చూసి ఉండరు. కెమెరాలు కాలిబ్రేట్ చేసి, నటుడికి సూట్ తొడిగి, నేరుగా పక్క గదిలోని నాలుగు కంప్యూటర్లకు పంపేస్తారు. అక్కడ బొమ్మ కదలకపోతే ఇక ఎక్కడని వెతుకుతారు?

నేను రోజూ వాడేది ఆప్టిట్రాక్ మోటివ్ అనే మోషన్ క్యాప్చర్ సాఫ్ట్‌వేర్, అందుకే దాని లెక్కలోనే చెబుతున్నాను. స్ట్రీమింగ్ సెట్టింగ్స్ తెరిచి లోకల్ ఇంటర్‌ఫేస్‌గా (డేటా ఏ అడ్రస్ నుంచి వెళ్లాలో చెప్పేది) లూప్‌బ్యాక్, అంటే కంప్యూటర్ తనకు తానే పంపుకునే 127.0.0.1 అడ్రస్ పెట్టండి. డేటా అందుకునే ప్రోగ్రామ్‌ను అదే మెషీన్‌లో నడపండి. బొమ్మ కదిలిందా? అయితే మోటివ్ వైపు అంతా బాగున్నట్టే, ఇక మిగిలింది నెట్‌వర్క్.

ఇప్పుడు లోకల్ ఇంటర్‌ఫేస్ మార్చాలి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. మోక్యాప్ కంప్యూటర్‌కి సాధారణంగా రెండు నెట్‌వర్క్ కార్డులుంటాయి: ఒకటి కెమెరాల స్విచ్‌కి, ఇంకొకటి మిగతా కంప్యూటర్లకి. పొరపాటున కెమెరాల వైపు అడ్రస్ ఎంచుకుంటే డేటా బుద్ధిగా కెమెరాలకే వెళ్తుంది, వాటికి దాంతో పనిలేదు. అందుకునే కంప్యూటర్‌లోనూ ఇదే చిక్కు. కేబుల్‌తో పాటు వైఫై కూడా ఆన్‌లో ఉంటే ప్రోగ్రామ్ వైఫై వైపు చెవి పెట్టి కూర్చుంటుంది. వైఫై ఆపేయండి.

"పింగ్ వెళ్తోంది కదా" అంటారు. పింగ్ అంటే అవతలి కంప్యూటర్ పలుకుతోందా అని చూసే చిన్న పరీక్ష. పింగ్ వెళ్తే దారి ఉన్నట్టే కానీ, తలుపు తీసి ఉన్నట్టు కాదు. ఆ తలుపులే పోర్టులు: మోటివ్ కమాండ్లకు 1510, డేటాకు 1511 యూడీపీ పోర్టులు వాడుతుంది. ప్రోగ్రామ్ మొదటిసారి తెరిచినప్పుడు విండోస్ ఫైర్‌వాల్ అనుమతి అడుగుతుంది. ఎవరో తొందరలో క్యాన్సిల్ నొక్కి ఉంటారు. అప్పుడు ఫైర్‌వాల్ ఊరుకోదు, ఆ ప్రోగ్రామ్‌ను ఆపే రూల్ ఒకటి రాసి పెట్టుకుంటుంది. ఆ రూల్ వెతికి తీసేయాలి.

ఒక కంప్యూటర్‌కే అయితే యూనికాస్ట్, అంటే నేరుగా దానికే పంపడం, చాలు. ఎక్కువమందికి పంపాలంటే మల్టీకాస్ట్: మోటివ్ 239.255.42.99 అనే గ్రూప్ అడ్రస్‌కి ఒక్కసారే పంపుతుంది, కావలసినవాళ్లు గ్రూప్‌లో చేరి అందుకుంటారు. వినడానికి బాగుంటుంది. ఓసారి ఒక షూట్‌లో ఇలాగే పెట్టాను. పొద్దున టెస్ట్‌లో బ్రహ్మాండంగా వచ్చింది. అసలు టేక్ మధ్యలో మాత్రం అన్ని స్క్రీన్ల మీదా బొమ్మ చేయెత్తి అలాగే నిలబడిపోయింది. ప్రోగ్రామ్ మూసి తెరిస్తే మళ్లీ వచ్చింది, నాలుగు నిమిషాలు దాటగానే మళ్లీ ఆగింది. ఆ రోజు టెన్షన్ ఇంతా అంతా కాదు. చివరికి తప్పు స్విచ్‌ది అని తేలింది. అందులో ఐజీఎంపీ స్నూపింగ్, అంటే గ్రూప్‌లో చేరినవాళ్లకే డేటా పంపే సెట్టింగ్, ఆన్‌లో ఉంది, కానీ గ్రూప్‌లో ఎవరున్నారని మధ్యమధ్యలో అడిగే క్వెరియర్ లేదు. ఎవరూ అడగరు, ఎవరూ జవాబివ్వరు. మామూలు సెట్టింగ్స్‌లో 260 సెకన్లు గడిచాక స్విచ్ ఆ గ్రూప్‌ను మర్చిపోతుంది. క్వెరియర్ ఆన్ చేయండి, లేదా ఆ చిన్న నెట్‌వర్క్‌కి స్నూపింగే తీసేయండి. అప్పట్నుంచి నా టెస్ట్ పది నిమిషాలకు తగ్గదు.

వైఫై మీద మల్టీకాస్ట్ మాత్రం వద్దు. డేటా ఎక్కువై కాదు. మోటివ్ లెక్కలో వేళ్లు లేని ఒక అస్థిపంజరంలో 21 ఎముకలు, ఒక్కోదానికి 38 బైట్లు. ఫ్రేమ్‌కి దాదాపు 800 బైట్లు, సెకనుకి 120 ఫ్రేములైనా ఒక మెగాబిట్ కూడా దాటదు. అయితే వైఫైలో మల్టీకాస్ట్ ప్యాకెట్ (డేటా మూట) అందిందా లేదా అని ఎవరూ చెప్పరు, పోయిందాన్ని మళ్లీ పంపరు. దాంతో బొమ్మ ఆగి ఆగి గెంతుతుంది.

గెంతుతోంటే ఫ్రేమ్ నంబర్లు ప్రింట్ చేసి చూడండి. 4411, 4412, 4415 అని వస్తే మధ్యలో ప్యాకెట్లు పోతున్నాయి, కేబుల్, స్విచ్ చూడాలి. వరుసగా వస్తూ కూడా బొమ్మ వెనకబడుతోంటే తప్పు మీ కోడ్‌ది. సెకనుకి 120 ఫ్రేములు వస్తుంటే స్క్రీన్ 60 సార్లే గీస్తుంది. గీసినప్పుడల్లా ఒక ప్యాకెట్ మాత్రమే తీసుకుంటే మిగతావి బఫర్‌లో, అంటే ప్యాకెట్లు వరుసలో ఎదురుచూసే చోట, పోగుపడతాయి. నటుడు చేయి దించేశాక ఎప్పటికో బొమ్మ చేయెత్తుతుంది. గీసే ముందు వచ్చినవన్నీ చదివేసి, ఆఖరిదే వాడండి. పాత ఫ్రేము మీద జాలి అక్కర్లేదు.

ఇక బొమ్మ వెల్లకిలా పడుకుని కనిపిస్తే కంగారు పడకండి. మోటివ్‌లో మామూలుగా వై అక్షం పైకి ఉంటుంది, అన్‌రియల్ అనే గేమ్ ఇంజిన్‌లో జెడ్. కొలతలూ వేరే, మోటివ్‌లో మీటర్లు, అన్‌రియల్‌లో సెంటీమీటర్లు. ప్లగిన్ వాడితే అదే సర్దుకుంటుంది. సొంత కోడ్ అయితే వందతో గుణించడం మర్చిపోయారో, 1.7 మీటర్ల మనిషి 1.7 సెంటీమీటర్లై నేల మీద చీమలా తిరుగుతుంటాడు. స్ట్రీమ్ రాలేదనుకుని ఫోన్ చేసే ముందు కెమెరాను ఒకసారి బాగా జూమ్ చేసి చూడండి.