డిస్నీ వరల్డ్‌లో ఖరీదైన రెస్టారెంట్లకి ఏం వేసుకెళ్లాలి

కాలిఫోర్నియా గ్రిల్ రెస్టారెంట్‌లో రాత్రి ఎనిమిదింటికి టేబుల్ దొరికింది. ఆ రోజంతా మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో ఎండన పడి తిరగాలి. మరి ఆ భోజనానికి ఏం వేసుకోవాలి, ఎక్కడ మార్చుకోవాలి? ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కి సూట్‌కేసు సర్దుకునే చాలామంది తికమకపడేది ఇక్కడే. నిజానికి అక్కడి డ్రెస్ కోడ్ జనం భయపడేంత కఠినమేమీ కాదు, ఒక్క రెస్టారెంట్‌లో తప్ప. ఇబ్బందంతా పార్కు గేటు నుంచి టేబుల్ దాకా ఉన్న దారిలోనే. అందుకని ముందు దారి తేల్చుకోండి, బట్టల సంగతి ఆ తర్వాత.

టేబుల్ ఎక్కడుంది?

పార్కు గేటు లోపలే ఉంటే పెద్దగా ఆలోచించే పనిలేదు. మ్యాజిక్ కింగ్‌డమ్ కోటలోని సిండరెల్లాస్ రాయల్ టేబుల్, ఎప్‌కాట్‌లోని ల సెల్లియే, హాలీవుడ్ స్టూడియోస్‌లోని బ్రౌన్ డర్బీ, యానిమల్ కింగ్‌డమ్‌లోని టిఫిన్స్... బిల్లు ఎంత బరువైనా వీటిలో షార్ట్స్, టీషర్టు, స్పోర్ట్స్ షూలతో కూర్చున్నవాళ్లే మీ చుట్టూ కనిపిస్తారు. ఒంటి మీద చొక్కా, కాళ్లకి చెప్పులు ఉండాలి, స్విమ్‌సూట్‌తో రాకూడదు. అంతే.

రిసార్ట్ హోటళ్లలో ఉన్నవి వేరు. కాంటెంపరరీ హోటల్ 15వ అంతస్తులోని కాలిఫోర్నియా గ్రిల్, గ్రాండ్ ఫ్లోరిడియన్‌లోని సిట్రికోస్, నార్కూసీస్, బోర్డ్‌వాక్‌లోని ఫ్లయింగ్ ఫిష్, యాట్ క్లబ్‌లోని యాట్స్‌మన్ స్టేక్‌హౌస్, రివియెరా పై అంతస్తులోని టోపోలినోస్ టెరెస్ ఈ కోవలోవి. మగవాళ్లకి కాలరున్న చొక్కా, దాని కిందకి ప్యాంటు గానీ చిరుగుల్లేని జీన్స్ గానీ కాస్త మర్యాదగా కనిపించే షార్ట్స్ గానీ సరిపోతాయి. ఆడవాళ్లకి డ్రెస్, స్కర్ట్, కాప్రీ (మోకాళ్ల కింద దాకా వచ్చే ప్యాంటు), జీన్స్ ఏదైనా పర్లేదు. కోటు, టై అక్కర్లేదు. స్విమ్‌సూట్, దాని మీద తొడిగే పల్చటి కవరప్, బనియన్‌లాంటి చేతుల్లేని టాప్‌లు, చిరుగుల బట్టలు, బూతు రాతల టీషర్టులు మాత్రం వద్దు. మగవాళ్లు టోపీ తీసి కూర్చుంటే మర్యాదగా ఉంటుంది. బుక్ చేసిన రెస్టారెంట్ పేజీలో డ్రెస్ కోడ్ విడిగా రాసి ఉంటుంది, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

డ్రెస్ కోడ్ కఠినంగా ఉండే ఆ ఒక్క రెస్టారెంట్ పేరు విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్, గ్రాండ్ ఫ్లోరిడియన్‌లోనే ఉంది. 2024లో దానికి మిషెలిన్ స్టార్ (మంచి రెస్టారెంట్లకి మిషెలిన్ గైడ్ ఇచ్చే గుర్తింపు) వచ్చింది. పదేళ్లు నిండని పిల్లల్ని రానివ్వరు. జీన్స్, షార్ట్స్, శాండల్స్, స్పోర్ట్స్ షూలు కుదరవు. మగవాళ్లకి కోటు తప్పనిసరి కాదు గానీ వేసుకుంటేనే మేలు, ఎందుకంటే చుట్టూ ఉన్నవాళ్లు వేసుకునే వస్తారు. గంటల తరబడి ఒక్కో వంటకం వడ్డించే భోజనం అది. పార్కు నుంచి నేరుగా అక్కడికి వెళ్లాలన్న ఆలోచన మానుకోండి. మధ్యాహ్నానికల్లా గదికి చేరి స్నానం చేసి, కాసేపు నడుం వాల్చి వెళ్తేనే ఆ డబ్బుకి న్యాయం.

కోటు నలగకుండా తీసుకెళ్లడానికి ఒక పద్ధతుంది. కోటు భుజాలు రెండూ రెండు చేతుల మీద వేసుకుని, ఒక భుజాన్ని లోపలి వైపు బయటికొచ్చేలా తిరగెయ్యండి. రెండో భుజాన్ని దాని లోపలికి దూర్చండి. ఇప్పుడు లైనింగ్ పైకి కనిపిస్తుంది, అసలు గుడ్డ లోపల దాక్కుంటుంది. అడ్డంగా ఒకే మడత పెట్టి సూట్‌కేసులో అన్నిటికన్నా పైన ఉంచండి. గదికి చేరగానే హ్యాంగర్‌కి తగిలించండి. మిగిలిన నలుగుడు స్నానాల గదిలో వేడినీళ్ల ఆవిరి ఓ పావుగంట తగిలితే చాలావరకు దిగుతుంది.

గదికెళ్లి రావాలా, అటు నుంచి అటే వెళ్లాలా

గదికెళ్లి తయారై రావాలంటే కనీసం రెండు గంటలు పక్కన పెట్టుకోవాలి. బస్సు కోసం నిలబడటం, ప్రయాణం, స్నానం, మళ్లీ ఇంకో బస్సు కలిపితే ఆ మాత్రం పడుతుంది. అంత తీరిక లేకపోతే మార్చుకునే బట్టలు పొద్దున్నే పార్కు లాకర్లో పెట్టేయండి. లాకర్లు ప్రవేశ ద్వారం దగ్గరే ఉంటాయి కాబట్టి బయటికొచ్చేటప్పుడు తీసుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: పార్కు బాత్రూంలో మార్చుకోవద్దు. నేల తడిగా ఉంటుంది, పైగా మార్చుకున్నాక మళ్లీ ఎండలో నడిచి చెమటలు పడతాయి. రెస్టారెంట్ ఉన్న హోటల్ దాకా పార్కు బట్టల్లోనే వెళ్లి, అక్కడి లాబీ బాత్రూంలో మార్చుకోండి. వీల్‌చైర్ వాళ్ల కోసం ఉంచిన పెద్ద గదిని అద్దం ముందు సింగారానికి ఆక్రమించకండి.

మ్యాజిక్ కింగ్‌డమ్ నుంచి కాంటెంపరరీకి నడిస్తే పదినిమిషాలు. మోనోరైల్లోనైతే అదే మొదటి స్టేషను. గ్రాండ్ ఫ్లోరిడియన్ సంగతి తిరకాసు. రిసార్ట్ మోనోరైలు ఒకే వైపు చుట్టూ తిరుగుతుంది, మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఎక్కితే గ్రాండ్ ఫ్లోరిడియన్ చిట్టచివర వస్తుంది. పడవ గానీ కాలిబాట గానీ నయం. ఫ్లయింగ్ ఫిష్‌కి, యాట్స్‌మన్‌కి ఎప్‌కాట్ వెనక గేటు నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. బోర్డ్‌వాక్ అంతా చెక్క పలకలే. సన్న హీల్స్ ఆ సందుల్లో దిగబడతాయి, వెడల్పు మడమ ఉన్నవో వెడ్జెస్సో వేసుకోండి. టోపోలినోస్‌కి స్కైలైనర్ కేబుల్ కార్లో వెళ్లాలనుకుంటే అందులో ఏసీ ఉండదని, దగ్గర్లో మెరుపులొస్తే దాన్ని ఆపేస్తారని గుర్తుంచుకోండి.

బట్ట ఎంపిక

సంచిలో మడిచి ఉన్న బట్ట రాత్రికి చక్కగా కనిపించాలంటే కొనేటప్పుడే ఒక పరీక్ష చేయండి. అంచుని పిడికిట్లో గట్టిగా నలిపి ముప్పై సెకన్లు పట్టుకుని వదలండి. నిమిషంలో మడతలు విడిపోతే పనికొస్తుంది. నిట్ గుడ్డ (టీషర్టులా సాగే అల్లిక బట్ట), పాలిస్టర్ కలిసినవి, క్రేప్ ఈ పరీక్ష నెగ్గుతాయి. అచ్చమైన లినెన్ ఓడిపోతుంది. పట్టు నలిగినా ఫర్వాలేదు గానీ చెమటకీ చినుకులకీ మచ్చలు పడుతుంది. లేత బూడిదరంగంత నిర్దయగా చెమటను బయటపెట్టే రంగు ఇంకోటి లేదు. ముదురు రంగు మీద చిన్న ప్రింటు అన్నిటినీ కప్పేస్తుంది.

అన్నీ మార్చుకోవాలనేం లేదు. మగవాళ్లు త్వరగా ఆరే ముదురు రంగు షార్ట్సో పల్చటి ప్యాంటో రోజంతా వేసుకుని, సాయంత్రం పోలో చొక్కా, బూట్లు మాత్రం మార్చుకుంటే చాలు. ఆడవాళ్లు మోకాళ్ల దాకా వచ్చే నిట్ డ్రెస్ కింద బైక్ షార్ట్స్ వేసుకుంటే రైడ్లకి హాయి. రాత్రికి స్పోర్ట్స్ షూలు తీసి శాండల్స్, చెవులకి పెద్ద పోగులు, భుజాన శాలువా. నేలను ఈడ్చుకుపోయే పొడవాటి బట్టల్ని పార్కుల్లోకే రానివ్వరు, కాబట్టి రాత్రి కోసం దాచుకున్న పొడవు గౌనుని పగలు వేసుకునే ఆలోచన పెట్టుకోకండి. కాలిఫోర్నియా గ్రిల్ డాబా మీద బాణసంచా చూసేటప్పుడు గాలి బాగా వీస్తుంది, కింది వెడల్పు ఎక్కువున్న స్కర్టుతో అవస్థే.

తెల్ల చొక్కాకి అసలు శత్రువు సన్‌స్క్రీన్. చాలా సన్‌స్క్రీన్‌లలో ఉండే అవోబెంజోన్, నీళ్లలోని ఇనుముతో కలిసి కాలరు మీద తుప్పు రంగు మరకవుతుంది. పూసుకున్నప్పుడు కనపడదు, ఉతికాక తేలుతుంది, బ్లీచ్ వేస్తే ఇంకా ముదురుతుంది. చొక్కా మార్చుకునే ముందు మెడ, ముంజేతులు తడి వైప్‌తో తుడుచుకుని, ఆరాకే వేసుకోండి.

పొద్దంతా నడిచిన పాదాలు సాయంత్రానికి ఉబ్బుతాయి. పొద్దున సరిగ్గా పట్టిన బూట్లు రాత్రి కరుస్తాయి. కొత్తవి అస్సలు వద్దు, ఇంట్లో నాలుగైదు రోజులు తొడిగి అలవాటు చేసినవే తెచ్చుకోండి. మార్చుకునే బట్టల సంచిలో నాలుగు పిన్నీసులు, దువ్వెన, రోల్‌ఆన్ డియోడరెంట్, బ్యాండెయిడ్లు, పొడి సాక్సులు ఉండనివ్వండి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలు ఉరుములతో వానలు మామూలే. మార్చుకునే బట్టల్ని జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టాలి. కాలి రివర్ ర్యాపిడ్స్ లాంటి నీళ్ల రైడ్లు భోజనానికి ముందు ఎక్కకండి, లోదుస్తుల దాకా తడుస్తారు. బయట ఉక్కపోత, లోపల ఏసీ చలి, శాలువా అందుకే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో పది డిగ్రీలకి దిగిన సందర్భాలూ ఉంటాయి, అప్పుడు స్వెటరే కావాలి.

పిల్లల బట్టల విషయంలో ఎవరూ పట్టించుకోరు. యువరాణి గౌను వేసుకొచ్చినా నవ్వుతూ కూర్చోబెడతారు. పద్నాలుగేళ్లు, అంతకు పైబడ్డవాళ్లు మాత్రం పాత్రల వేషాలతో పార్కులోకి రాకూడదు. గరుకు మెరుపుల గౌను ఒంటికి గుచ్చుకుని భోజనం మధ్యలో ఏడుపు మొదలవుతుంది, లోపల ఒక పల్చటి కాటన్ బనియన్ తొడగండి.

అన్నీ చేశాక కూడా వాన ముంచేసిందనుకోండి, బట్టలు మార్చుకునే వీల్లేదు. అప్పుడు పట్టుదలకి పోకుండా టేబుల్ రద్దు చేసుకోవచ్చు. చాలా రెస్టారెంట్లలో రెండు గంటల ముందు చెబితే చాలు, చెప్పకపోతే మనిషికి 10 డాలర్లు పడుతుంది. విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్ నిబంధనలు ఇంతకన్నా కఠినం, బుక్ చేసేటప్పుడే చదువుకోండి.